ఊరంతా చూడని వెలుగు

రాకెట్ కేంద్రం పక్కనుండే మా వాకాడు తీరంలో ఆకాశాన ఏది వెలిగినా రాకెట్టే. దానికీ ఒక పద్ధతుంది. రాకెట్ వదిలే రోజు పడవలు సముద్రంలోకి పోకూడదని ముందే మైకులో చెబుతారు. మైకు రాలేదంటే పైన ఏమీ లేనట్టే.

అలా మైకు రాని రోజున, వేట నిషేధం ముగిసి మేం మళ్లీ పడవలెక్కిన మూడో రోజు తెల్లవారుతుండగా, చిన్నాయన ఒడ్డు మీది నుంచి మూడు వెలుగులు చూశాడు.

చిన్నాయన ఎయిర్‌ఫోర్సులో ఇరవై ఏళ్లు రాడార్ ముందు కూర్చుని రిటైరైన మనిషి. పాలవాడు ఆలస్యమైతే ఆ టైము కూడా రాసిపెడతాడు. వెలుగులు సముద్రం మీద నాలుగు నిమిషాలు కదలకుండా నిలిచి, గాలికి ఎదురుగా దక్షిణానికి పోయాయని కాగితం రాసి, నేరుగా పోలీస్ స్టేషన్లో ఇచ్చి వచ్చాడు. మమ్మల్ని ఒక్క మాట అడగలేదు.

ఊరి గుండె గుభేలుమంది. నిషేధం ఉన్న రెండు నెలలూ పొయ్యి సరిగ్గా వెలగలేదు. ఇప్పుడు విచారణ తేలేదాకా పడవలు ఆపమంటే ఏం తినాలి? ఊరి పెద్దకాపు అందరినీ కూర్చోబెట్టాడు.

"మనమెవురమూ ఏమీ చూడలా. అంతే."

బయటివాళ్ల ముందు మా ఊరికంతా ఒకటే నోరు. పోలీసులు వచ్చి ఇల్లిల్లూ అడిగారు. ఇల్లిల్లూ లేదంది. ఆ వేళ వల లాగడం మానేసి నోరు తెరుచుకుని పైకి చూసిన నలభై మందిమీ లేదన్నాం. బెస్తవాళ్లకు చూపు తక్కువని రాసుకుని పోయుంటారు.

చివరికి చిన్నాయన నన్నడిగాడు.

"నువ్వు పడవలోనే ఉండావు గదరా. చూసినావా, లేదా?"

"లేదు చిన్నాయనా."

ఆయన వాదించలేదు. మర్నాడే బస్సెక్కి నెల్లూరు కళ్ల డాక్టరు దగ్గరికి పోయాడు. నాకు సిగ్గేసింది. సిగ్గుతోనే పడవెక్కాను. ఆ రోజు రొయ్య బాగా పడింది.

సాయంత్రం చిన్నాయన బస్సు దిగి, డాక్టరు చీటీ నా చేతిలో పెట్టాడు.

"కళ్లు బాగుండాయన్నాడ్రా." అటూ ఇటూ చూశాడు. "అంటే చెడింది బుర్రే. ఇంట్లో ఎవురికీ చెప్పబాక."

నేను ఎవరికీ చెప్పలేదు. మాట దాచడంలో మా ఊరివాళ్లం గట్టివాళ్లం.