నుస్రత్‌ఖాన్ రేడియో మాట

మూడుసార్లు మంత్రిగా చేసిన నుస్రత్‌ఖాన్ పదవి ఊడాక కూడా రోజూ గడ్డం గీసుకుని టై కట్టుకునేవాడు. టెహ్రాన్‌లో సైన్యం ప్రభుత్వాన్ని కూలదోశాక ఆయన వెళ్లే చోటు ఒక్కటే, ఆ సైన్యాన్ని ఎదిరించినందుకు కొడుకు బీజన్‌ను పెట్టిన జైలు. ఒక చేతిలో కర్ర, ఇంకో చేతిలో ఉతికిన బట్టల మూట. గేటు దగ్గర సిపాయిలతో కూడా పార్లమెంటులోలాగే ఛాతీ విరుచుకుని, చూపుడువేలు ఆడిస్తూ మాట్లాడేవాడు. వాళ్లు నవ్వుకునేవారు. ఒకరోజు కర్నల్ లోపలికి పిలిచి టీ ఇచ్చాడు. "ఖాన్‌గారూ, మన చమురు ఇంగ్లీషు కంపెనీది కాదు, మనదేనని జనాన్ని రెచ్చగొట్టింది మీరేగా? అదంతా తప్పని రేడియోలో ఒక్క ముక్క చెప్పండి. లేదంటే మీవాడికి ఉరే." ఇంటికి రాగానే భార్య మహ్‌లఖా కాళ్లు పట్టుకుంది. "ఇన్నేళ్లూ దేశం కోసం మాట్లాడారు. ఈ ఒక్కసారి నా బిడ్డ కోసం మాట్లాడండి."

మర్నాడు ఆయన మాట్లాడాడు. మైకు ముందు వేలు అలవాటుగా పైకి లేచింది గాని, ఆడలేదు. సాయంత్రం బీజన్‌ను వదిలారు. చిక్కి సగమైన కొడుకును చూసి ఆయన గబగబా కోటు విప్పి కప్పబోయాడు. బీజన్ వెనక్కి జరిగాడు.

"లోపల లౌడ్‌స్పీకర్ పెట్టి అందరికీ వినిపించారు నాన్నా. నా గదిలోవాళ్లు నా మొహం చూడలేక గోడవైపు తిరిగి పడుకున్నారు."

"నువ్వు బతికావురా!"

"ఎవరి మధ్య బతకమంటారు?"

కొడుకు వీధి మలుపు తిరిగాడు. ఇంటికి వెళ్లే దారి అది కాదు. అయినా నుస్రత్‌ఖాన్ కోటు పట్టుకుని వెనకాలే నడిచాడు.