ఎండల స్వెట్టర్

ఎనుకట మస్కట్ల సైటు పనికి పోయేటోణ్ణి. ఓ ఎండకాలం పొద్దున రూవి దిక్కు పోయే బస్సుల నా పక్కన ఊలు స్వెట్టర్ ఏసుకున్న పెద్దమనిషి కూసున్నడు. చేతిల తెలుగు వారపత్రిక చూసి, ఉండబట్టలేక అడిగిన.

"గింత ఎండల స్వెట్టరేంది సార్?"

"మా కంపెనీ కంప్యూటర్ బీరువాలంత ఉంటుంది. చల్లటి గదిలోనే నడుస్తుంది. పదకొండేళ్లుగా ఆ గదిలోనే నా డ్యూటీ."

"ఇప్పుడు ఆడికేనా?"

"లేదు. ఆ కంప్యూటర్ చేసినవాళ్ల పోటీ కంపెనీ సగం సైజు మెషిన్ తెచ్చింది. మా ప్రోగ్రాములన్నీ దాంట్లోనూ నడుస్తున్నాయి. మా పాతదాన్ని నిన్న తీసేశారు, దాంతోపాటే నన్నూ."

ఇంతల బస్సు ఆగింది. "మా ఆఫీసొచ్చింది" అనుకుంట గబగబ డోరు దాక పోయిండు. ఆడ్నే జరసేపు నిలబడి, మళ్లొచ్చి నా పక్కన కూసున్నడు.

నా సైటుకాడ దిగి ఎనకకు చూసిన. ఆ ఉడుకుల ఆయన స్వెట్టర్ గుండీలు పెట్టుకుంటున్నడు.