బుగ్గలో దూది

భూమ్మీద మెడ తిప్పకుండా లోకాన్ని తన చుట్టూ తిప్పుకున్న మనిషి మా తాత ఒక్కడే. వెన్నుపూసల్ని మెల్లగా బిగించేసే కీళ్లవాతం ఆయనది. సెలూన్‌లో గిరాకీ ఎడమ చెవి కనిపించకపోతే తాత వంగడు, కుర్చీనే తిప్పుతాడు. "నా మెడకు పెట్టాల్సిన మర నీ కుర్చీకి పెట్టారు," అంటాడు.

ఒకప్పుడు పొద్దున్నే మంచం దిగాలంటే ఆయనకు గోడ, నాయనమ్మ చెయ్యి, కాసిన్ని తిట్లు కావాల్సి వచ్చేవి. డాక్టరమ్మ బయోలాజిక్ అనే ఖరీదైన సూది మొదలుపెట్టాక సెలూన్ షట్టర్ తనే ఎత్తుతున్నాడు. ఆ సూదిమందు ఫ్రిజ్‌లో గుడ్ల పక్కన ఉంటుంది. గుడ్డు తీసినవాళ్లకల్లా తాత చూపు తగులుతుంది. ఒంట్లో వాపు ఎంతుందో చెప్పే సీఆర్‌పీ అనే రక్తపరీక్షలో అంకె దిగితే ఆ మందే కొనసాగుతుంది, ఎక్కితే మార్చేస్తారు.

ఈసారి పరీక్షకు ముందు దవడ పన్ను వాచింది. ఎక్కడ చీము పట్టినా తగ్గేదాకా సూది ఆపాలని డాక్టరమ్మ ముందే చెప్పింది. ఆపితే మళ్లీ గోడ, చెయ్యి, తిట్లు. అందుకని తాత లవంగ నూనెలో ముంచిన దూది బుగ్గలో కుక్కుకున్నాడు. వాపు కనపడకుండా గడ్డం పెంచాడు.

"ఏం బావా, నీ కత్తంటే నీకే భయమా?" అన్నాడు పక్క కొట్టు టైలరు.

రిపోర్టు వచ్చేరోజు తాత కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. ఒకాయన మీసం ఒకవైపు కురచ చేసి, సరిచెయ్యబోయి రెండోవైపు మొత్తం తీసేశాడు. సాయంత్రం నన్ను వెంటేసుకుని ఆసుపత్రికి వెళ్లాడు. అంకె కొండెక్కి కూర్చుంది.

"ఈ మందు పనిచెయ్యడం మానేసినట్టుంది, మార్చాలి," అంది డాక్టరమ్మ. "పొద్దున నడుము బిగుస్తోందా?"

"లేదమ్మా. షట్టర్ నేనే ఎత్తుతున్నా."

"మరి ఇదెందుకు పెరిగింది? జ్వరంగానీ, పుండుగానీ?"

"అబ్బే." తాత దూదిని నాలుకతో ఇంకాస్త లోపలికి తోశాడు.

అంకెను ఎక్కించింది పంటి చీమైతే, పనిచేసే మందును చేతులారా పోగొట్టుకుంటున్నాడు. నా నోట్లో నువ్వుగింజ నానదు కదా.

"తాతా, ఆ దూది తియ్యి," అన్నాను.

తాత నా వైపు తిరిగాడు. మెడ కాదు, బీరువా జరిపినట్టు మనిషి మొత్తం తిరిగాడు.

పన్ను పీకించారు. పుండు మానేదాకా సూది ఆపారు. గోడ, చెయ్యి, తిట్లు తిరిగొచ్చాయి, తిట్లలో పెద్ద వాటా నాదే. తర్వాత అంకె దిగింది. పాత మందే మళ్లీ గుడ్ల పక్కకు చేరింది.

ఇదంతా రాసి సెలూన్‌లో చదివి వినిపించాను. తాత కత్తెర ఆపకుండా విన్నాడు.

"బడికి పొమ్మంటే గోడ దూకినదానివి, నా పన్ను మీద పురాణం రాశావా? చీపురు తీసుకో. ఆ జుట్టు ఊడ్చు."