వంతెన దగ్గర ఆగిన నది

ఎనభైల మొదట్లో ఒహాయోలో స్నేహితురాలింటికి వెళ్ళినప్పుడు, ఒక మధ్యాహ్నం అక్కడి మ్యూజియం చూశాను. చైనా గదిలో పట్టు మీద వేసిన నది బొమ్మ ఉంది. చాపలా చుట్టిపెట్టే పొడవాటి బొమ్మ అది. అద్దాల పెట్టెలో పట్టినంత మేర విప్పి, మిగతాది చుట్టే ఉంచారు.

దాని ముందు ఒక చైనా పెద్దావిడ నిలబడి ఉంది. అద్దం మీదుగా నది వెంట వేలు కదిపి, వంతెన దగ్గర ఆపింది.

“దీని తర్వాత మా ఊరు వస్తుంది. ఆ భాగం వచ్చే ఏడాది విప్పుతారు,” అంది ఇంగ్లీషులో. దీనికోసం రోజంతా బస్సులో వచ్చిందట.

నాకు ఊరుకోబుద్ధి కాలేదు. మన గుళ్ళో అయితే, దూరం నుంచి వచ్చామంటే పూజారి మళ్ళీ తెర తీయడా?

“ఉండండి, ఆఫీస్‌లో అడిగొస్తాను. మీకోసం ఇంకో జానెడు విప్పమంటాను,” అన్నాను.

ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. “వద్దు. దీన్ని చూసే పద్ధతే ఇది. మా ఇంట్లో కూడా ఇలాంటి బొమ్మను చూసినంత చుట్టాకే ముందుకు విప్పేవాళ్ళం. పడవలో వెళ్ళేటప్పుడు ఊరు మన దగ్గరికి రాదు కదా.”

“వచ్చే ఏడాది రాలేకపోతే?”

“విప్పే రోజుకే వస్తాను.”

మరుసటి ఏడాది, విప్పే రోజు ఎప్పుడో స్నేహితురాలి ద్వారా కనుక్కుని, ఆ రోజుకి నేనూ సెలవు పెట్టి వెళ్ళాను. ఆవిడ అప్పటికే అక్కడుంది. నది ఒడ్డున పెంకుటిళ్ళు కనిపిస్తున్నాయి.

“మీ ఊరు చూసేశారుగా. ఇక రానక్కర్లేదు,” అన్నాను.

ఆవిడ ఎడమ పక్కన ఇంకా చుట్టి ఉన్న పట్టును చూపించింది.

“నది ఆగలేదు,” అంది.