వేలూరుండంగా బొంబాయేంది

మా ఆయనకు అబద్ధమాడ్డం చేతగాదు. చేతగాని మనిషి దాని జోలికి పోకుండా ఉండాల. పోయినాడు. దాంతో నేను కొన్నాళ్ళు మా వీధిలో వాళ్ళందరికీ చావుబతుకుల్లో ఉండే మనిషినైపోయినాను.

మాది తిరుపతి. తిరుపతిలో కాపరముండే వాళ్ళకు చుట్టాలు రారు. వాళ్ళు కొండకొస్తారు, మా ఇంట్లో దిగుతారు, అంతే. రేణిగుంటకు పోయి పిల్సుకోని రావాల, స్నానాలకు నీళ్ళు తోడాల, కొండ దిగొచ్చినాక అన్నాలు పెట్టాల, ఆమీట కాళహస్తికో కాణిపాకానికో కారు మాట్లాడి తోడు పోవాల. పెళ్ళైన కాడ్నించి నేనూ మా ఆయనా కలిసి చేసిన ప్రయాణాలన్నీ ఇవే. ఆయన ముందర డ్రైవరు పక్కన కూసుంటాడు, నేను వెనకాల ఆడోళ్ళ నడిమి ఇరుక్కోని, ఒళ్ళో ఎవురి బిడ్డనో పెట్టుకోని కూసుంటాను. మద్రాసు సూసినామా అంటే సూసినాము, పెళ్ళి చీరలకని పదిమందితో పోయి అంగడి లోపలే పొద్దు పోగొట్టుకోని వచ్చినాము. వేలూరు సూసినాము, మా మామగారికి ఆపరేషనైతే. బెంగుళూరికి పెళ్ళి బస్సులో పోయి అదే బస్సులో వచ్చినాము. ఇద్దరమే పక్కపక్కన కూసోని ఒక ఊరు సూసిన పాపాన పోలేదు.

నేను బడిలో టీచర్ని. ఒకరోజు మధ్యాన్నం అన్నం తింటా ఉంటే మాతో పనిచేసే ఆమె ఫోనులో ఒక వీడియో సూపించింది. బొంబాయిలో సముద్రం ఒడ్డున పొడుగ్గా గోడ కట్టుండారు. సాయంత్రమైతే జనం ఆ గోడ మీద కూసుంటారు. వయసు పిల్లోళ్ళే గాదు, తల నెరిసిన మొగుడూ పెండ్లాలు గూడా కాళ్ళు ఆడిస్తా కూసోని వేయించిన చెనక్కాయలు తింటా ఉండారు. ఒకరి తట్టు ఒకరు సూసేది లేదు, ఇదెవురు, వాళ్ళెవురు అని అడిగేది లేదు. నాకు ఆ గోడ మీద ప్రాణం పోయింది. మా ఊర్లో ఇంటి ముందర మెట్టు మీద ఆయన పక్కన కూసుంటేనే, ఏందబ్బా ఇద్దురూ ఈడ కూసోనుండారు, తాళంచెవి పోయిందా అని అడుగుతారు.

ఆ సాయంత్రమే ఆయనకు చెప్పినాను, దసరా సెలవులకు బొంబాయి పోదామని. ఆడేముండాది అన్నాడు. గోడుండాది అన్నాను. గోడ మీద ఏం చేస్తారు అన్నాడు. ఏమీ చెయ్యరు, కూసుంటారు అన్నాను. ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టినాడు. పోదాంలే అన్నాడు. ఒక్క పోట్లాట లేకుండా ఒప్పుకున్నాడే అని నాకే అనుమానమొచ్చింది.

ఒప్పుకున్నాక సూడాల ఆయన హడావిడి. శ్రీ సిటీలో ఉద్యోగం చేసే మా పాప రైలు టికెట్లు, రూమూ ఫోనులోనే తీసిపెట్టింది. మిగతా ఏర్పాట్లన్నీ ఈయన నెత్తినేసుకున్నాడు. ఈయనకు తెలిసిన ఏర్పాటు ఒక్కటే, కొండకు పోయే ఏర్పాటు. సముద్రం కాడ ఉండే ఆ పెద్ద రాతి ద్వారం సూడాలంటే తెల్లారక ముందే లేసి తలస్నానం చేసి పోదాము, క్యూ పెరిగిపోతాది అన్నాడు. ద్వారం బయటే ఉంటాదయ్యా, దానికి క్యూ ఏంది అంటే, నీకేం తెలుసు, అంత పెద్ద ఊర్లో క్యూ లేకుండా ఉంటాదా అన్నాడు. ఫోనూ చెప్పులూ యాడ పెట్టాల, లగేజీ గది ఎంత దూరముండాది, అని ఇవే ప్రశ్నలు. చివరికి ఆడ పేరున్న అమ్మవారి గుడుండాదంట, మొదట దర్శనం చేసుకుంటే మంచిదేమో అని గొణిగినాడు. మనూర్లో దేవుడు చాలడా మీకు, ఆ నాల్రోజులన్నా దేవుళ్ళకు సెలవియ్యండి అన్నాను. లెంపలేసుకున్నాడు. నేను గూడా ఆయన సూడకుండా వేసుకున్నాను.

అంతవరకూ బాగానే ఉండె. ఆఫీసులో సెలవు అడిగేటప్పుడు కొంప మునిగింది. ఈ సంగతి నాకు తర్వాత తెలిసింది. వాళ్ళ ఆఫీసరు ఎందుకప్పా సెలవు అని మామూలుగానే అడిగినాడంట. పెళ్ళాంతో ఊరు సూసేదానికి పోతా ఉండాను అని చెప్పేదానికి ఈయనకు నోరు రాలేదు. పిల్లకు సంబంధాలు సూసే వయసొచ్చె, ఇప్పుడు షికార్లేందని నవ్వుతారని సిగ్గు. మా వాళ్ళలో పెళ్ళికో, చావుకో, మొక్కుకో, ఆస్పత్రికో తప్ప ఊరు దాటి పోయేదుండదు. పెళ్ళీ చావూ అంటే ఎవురిదని అడుగుతారు. మొక్కంటే బొంబాయికి ఎవురూ పోరు. మిగిలింది ఆస్పత్రే. మా ఆవిడకు బాగలేదు సార్, ఆస్పత్రికి సూపించాల అన్నాడు. యాడ అంటే బొంబాయి అన్నాడు.

మా చిత్తూరు జిల్లాలో ఎవురికేమైనా వేలూరికి పోతాము. కాలు విరిగినా వేలూరే, కడుపు నొచ్చినా వేలూరే, గుండె కోసినా వేలూరే. బస్సెక్కితే పూటలో పోయే వేలూరుండంగా, ఎవురన్నా దాన్ని దాటి రైలెక్కి బొంబాయికి పోతారంటే, వేలూరోళ్ళు గూడా చేతులెత్తేసినారనే అర్థం. పేరు ఎత్తలేని ఆ జబ్బయితే తప్ప పోరు. ఈయన ఆడిన అబద్ధం అట్లాంటిది. వేలూరని చెప్పుంటే ఎవురూ తలెత్తి సూసుండరు. బొంబాయనేసరికి ఆ మాట ఆఫీసు దాటి మా వీధికీ, బడికీ, చుట్టాల దాకా పాకిపోయింది, నాకొక్కదానికే తెలీదు.

మొదట పూలామె మూరకు మూర ఎగస్ట్రా కొలిచి, తీసుకోమ్మా, ఉన్నప్పుడే పెట్టుకోవాల అనింది. ఏందో మంచి మాట చెప్పిందనుకున్నాను. పక్కింటామె నా చేతిలో నీళ్ళ బిందె లాక్కోని తానే మోసుకొచ్చి పెట్టింది, ఎప్పుడూ నీళ్ళకాడ నాతో పోట్లాడే మనిషి. బడిలో నా క్లాసులు వేరేవాళ్ళకు ఇచ్చి నన్ను ఫ్యాను కింద కూసోబెట్టినారు. దసరా ముందర అందరికీ మంచితనం వచ్చిందేమో అనుకుంటిని, పిచ్చిదాన్ని.

ప్రయాణం ఇంగ మూణ్ణాలుగు రోజులుందనంగా మా వదిన వచ్చింది. మా ఆయనకు అక్క ఈమె. వడమాలపేట దగ్గర సేద్యం చేసుకునే ఇల్లు. నేను కాపరానికొచ్చిన కాడ్నించి ఈమె నోట్లో నుంచి నా గురించి ఒక మంచి మాట రాలేదు. నా సాంబార్లో పులుపు జాస్తి, నా ఇంట్లో దుమ్ము జాస్తి, నా నోరు ఇంగా జాస్తి. వదినకు గర్వమంతా జుట్టు. యాభై దాటినా నడుము కింద దాకా నల్లగా, ఒత్తుగా ఉండేది. మా ఇంటికొస్తే మెట్టు మీద కూసోని, నాకు సూపిస్తా నూనె రాసుకోని జడేసుకునేది. నాది పిల్లితోక.

నేను రైల్లోకని రోట్లో చెనక్కాయల పచ్చడి, మా తట్టు ఊరిబిండంటాము, నూరతా ఉండాను. వదిన సంచులు కింద పెట్టి, వచ్చీ రాంగానే నా చేతిలో బండ లాక్కునింది. నువ్వు లేయ్, పోయి పండుకో అనింది. సంచుల్లో ఎళనీళ్ళ బోండాలు, దానిమ్మకాయలు, ఇంకో సంచిలో ఆమె చీరలు. బిండి నూరతానే చెప్పింది, తానూ బొంబాయికొస్తుందంట. మొగోడు, వాడికేం తెలుస్తాది ఆస్పత్రిలో ఆడమనిషిని సూసుకునేదానికి, టికెట్టు లేకుంటే జనరల్లో నిలబడొస్తాను అనింది.  అప్పుడు అర్థమైంది నాకు, పూలు, నీళ్ళబిందె, ఫ్యాను, అన్నీ.

ఆయన గుమ్మం కాడ నిలబడి చెప్పులు విడిచేది మరిచిపోయినాడు. నేను లోపలికి పిల్సి అడిగితే ఆఫీసు సంగతంతా కక్కినాడు. నా జన్మలో అంత కోపం రాలేదు. ముగ్గురమూ బొంబాయికి పోయి, ఆ గోడ మీద ఆయనకూ నాకూ నడిమి వదిన కూసోని, నా సాంబారు సంగతి చెప్తా ఉండేది నాకు కళ్ళకు కట్టినట్టు అగపడింది. ఒక్క నాల్రోజులు, జీవితంలో ఒక్క నాల్రోజులు ఈ మనిషితో నేను ఒకదాన్నే ఉండాలనుకుంటే, ఆ నాల్రోజులకు నన్ను రోగిష్టిదాన్ని చేసి పెట్టినాడు. మీ అక్కకు మీరే చెప్పండి, మీ నోటితోనే చెప్పండి, లేకపోతే మీరూ ఆమే పోండి, నేను రాను అన్నాను. ఉత్తుత్తి మాట గాదు, నిజంగానే పోయేదాన్ని గాదు.

ఆయన పోయి రోటి పక్కన కింద కూసున్నాడు.

"అక్కా, దానికి జబ్బేం లేదు."

వదిన చెయ్యి ఆగింది.

"మేము ఊరు సూసేదానికి పోతా ఉండాము. నేనూ అదీ. పనేం లేదు ఆడ, ఊరికే. చెప్పేదానికి సిగ్గేసి ఆఫీసులో ఆస్పత్రి అన్నాను."

వదిన ఆయన్ని సూళ్ళేదు, నన్ను సూసింది. నిజమేనా మేయ్ అనింది. నిజమే వదినా, రాయి మాదిరుండాను అన్నాను. ఇంగ షికార్ల గురించి మొదలుపెడతాది, ఈ వయసులో మొగుడూ పెళ్ళాల వేషాలేందంటాది, నేను రెండు మాటలంటాను, అని సిద్ధంగా ఉండాను. వదిన బిండి చేతులతోనే కొంగు మొగానికి అడ్డం పెట్టుకోని ఏడ్చింది. వాళ్ళ నాయన పోయినప్పుడు గూడా అట్లా ఏడ్సింది సూళ్ళేదు నేను. ఏడ్చి, ముక్కు చీదుకోని, తమ్ముణ్ణి తిట్టింది సూడండి, వీధంతా వినపడేట్టు. షికారు గురించి ఒక్క మాట లేదు. కట్టుకున్నదానికి జబ్బని ఎట్లా అన్నావురా, ఆ మాట నోట్లో నుంచి ఎట్లా వచ్చిందిరా నీకు అని, అదొకటే తిట్టు, మార్చి మార్చి.

మొగం కడుక్కోని వచ్చినాక, మామూలు సంగతి చెప్పినట్టు చెప్పింది. విన్న రోజే మొక్కుకునిందంట, నా మరదలికి జబ్బు లేకుండా చెయ్యి సామీ, కొండకొచ్చి గుండిస్తానని. రేపు పొద్దున్నే కొండకు పోతానని లేచింది.

 ఎంత బతిమాలినా ఆమె వినలేదు. జబ్బే లేనప్పుడు మొక్కేంది వదినా అన్నాను. ఆడోళ్ళు మూడు కత్తెర్లిచ్చేది ఉండాది గదా, జుట్టు కొసన మూడు సార్లు కత్తిరిచ్చుకుంటే మొక్కు తీరినట్టే గదా అన్నాను.

"కత్తెర్లని మొక్కుకోలేదు మేయ్. గుండని మొక్కుకున్నాను. నీకు జబ్బు ఉండగూడదని అడిగినాను, లేదు గదా? ఇంగేం కావాల నీకు?"

మరుసటి రోజు ఒక్కతే కొండకు పోయింది. సాయంత్రం తలకు గంధం పూసుకోని దిగొచ్చింది. తలుపు తీసి నేను ఆమె మొగం సూళ్ళేకపోయినాను. ఇన్నేళ్ళూ ఈమెకు నేనంటే గిట్టదనుకున్నాను. పెళ్ళైన కాడ్నించి నా కోసం ఎవురూ ఏమీ ఇడిసిపెట్టింది లేదు, నేనే అందరి కోసం ఇడిసిపెట్టినానని నాకు పెద్ద గర్వముండె. అంతా ఆ గంధం ముందర కొట్టుకపోయింది. అన్నం పెడితే తినింది. సాంబార్లో పులుపు జాస్తి అనింది.

రేణిగుంట స్టేషనుకు మాతో వచ్చింది వదిన. మేము ఎక్కాల్సిన రైలు ఇంగా రాలేదు. అంతలో మా ఆయన ఆఫీసరు పండ్ల సంచి పట్టుకోని, మొగం దిగులుగా పెట్టుకోని ప్లాట్‌ఫారం మీద వస్తా ఉండాడు. పేషెంటును సాగనంపేదానికి వచ్చినాడు పాపం. మా ఆయన కొయ్యబారి పోయినాడు. వదినే ముందరికి పోయింది.

ఏం పర్లేదప్పా, మా మరదలికి బాగైపోయింది, గుండు గూడా ఇచ్చేసినాను, ఇప్పుడు వాళ్ళు ఇద్దురూ బొంబాయి సూసేదానికి పోతా ఉండారు అని గట్టిగా చెప్పింది, చుట్టుపక్కల జనమంతా వినేట్టు. ఆఫీసరు ఆమె తల సూసినాడు, గంధం సూసినాడు, రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టినాడు. కొండ మీద ఇచ్చిన గుండును మా ఊర్లో ఎవురు ప్రశ్నిస్తారు? పండ్లు మాత్రం మాకే ఇచ్చినాడు, దావలో తినండని.

రైలు కదిలేటప్పుడు వదిన కిటికీ కాడ నిలబడింది. నేను ఊచల్లో నుంచి ఆమె చెయ్యి పట్టుకోని, ఆ గరుకు చెయ్యి ఇడవలేక, రైలు లాక్కుపోయేదాకా పట్టుకున్నాను.

మా ఆయన నా పక్కన కూసున్నాడు. కోడూరులో ఒకామె బిడ్డనెత్తుకోని ఎక్కి, ఆమె చెల్లెలిది మా ఎదురు సీటంట, తనది అవతల పడిందంట, మీరు కొంచెం అటు పక్కకు మారతారా సార్ అని మా ఆయన్ని అడిగింది. అడిగితే లేసేస్తాడు ఈ మనిషి, నాకు తెలుసు. నేను గూడా అలవాటుగా కాళ్ళు ముడుచుకోని దావ ఇచ్చినాను. ఆయన సగం లేసినాడు. మళ్ళా కూసున్నాడు.

"లేదమ్మా, మారలేను," అన్నాడు. "మేమిద్దరం కలిసి పోతా ఉండాము."

ఆమె సరే అని ముందరికి పోయింది. నాకు ఏడుపొచ్చింది. ఆయన సూస్తాడని కిటికీ తట్టు తిరుక్కున్నాను.