పరదా ఇవతల పాడిన చిట్టి

ముందే ఒప్పేసుకుంటున్నాను, నేను దోమను చూసి కాకి అని చెప్పే మనిషిని. నా భార్య బతికున్నప్పుడు నా మాటల్లో సగం కోసేసి, మిగతా సగాన్ని కూడా అనుమానంగా వినేది. ఇప్పుడా పని మీరే చూసుకోవాలి.

పంతొమ్మిది వందల డెబ్బైల్లో ఆమె పోయేనాటికి నాకు నలభై దాటాయి. సర్కారు దఫ్తరులో గుమాస్తాను. కిషన్‌బాగ్‌లో కిరాయి ఇల్లు, ఈ పక్క తుమ్మితే ఆ పక్క ముక్కు తుడుచుకునేంత సన్నటి గల్లీ, బడికి పోయే ఇద్దరు ఆడపిల్లలు. జీతం కవరు విప్పకుండా ఆమె చేతిలో పెట్టడం వరకే నాకు తెలిసిన ఆర్థికశాస్త్రం. అందులోంచి బియ్యం, కిరాయి, బడి ఫీజులు, నా సిగరెట్లు ఎలా పుట్టుకొచ్చేవో ఎన్నడూ అడగలేదు. ఆమె లేని మొదటి నెల చార్మినార్ దగ్గరికి వెళ్ళి చింతపండు కొన్నాను. ఎంత కొన్నానంటే, నాలుగు మినార్లనూ కలిపి పులుసు పెట్టొచ్చు. నెల సగం కాకముందే జీతం కూడా కన్నుమూసింది.

ఫలక్‌నుమాలో ఉండే మా అన్న వచ్చాడు. ఆయనది రైల్వే కొలువు. నడకా ఇంజనుదే. కుర్చీలో కూర్చోకముందే తీర్పు చెప్పేశాడు.

"తమ్మీ, నీతోని గాదు. ఒకటో తారీఖు నుంచి జీతం తెచ్చి నా చేతిల పెట్టు. పిల్లలను మా ఇంటికి తోల్కపోత. నీ సిగరెట్లకు, బస్సుకు నేనిస్త."

"మరి వాళ్ళ బడో?"

"బడేందిరా? ఫీజు కట్టనీకె నీ దగ్గర ఏమున్నది?"

"కడత. ఒకటో తారీఖు లోపల కట్టకపోతే నువ్వన్నట్టే కానీ."

నా ధైర్యమంతా నా భార్య వేసిన చిట్టి మీద. ఎదురింటి పెద్దావిడ ఆ చిట్టి నడిపేది. గల్లీ అంతా ఆమెను ఖాలా, అంటే పిన్ని, అని పిలిచేది. సభ్యులందరూ ఆడవాళ్ళే.

"ఇది ఆడోళ్ళ చిట్టి బేటా," అంది ఖాలా. "లోపల పరదా చేసేటోళ్ళున్నరు. మీ ఆమె కట్టినయి లెక్కగట్టి ఇచ్చేస్త, తీస్కపో."

ఆమె కట్టింది నాలుగు కిస్తీలే. అవి ఫీజులో ఒక మూలకు కూడా రావు.

"లేదు ఖాలా. ఆమె జాగల నేను కూసుంట. ఈ నెల చిట్టి ఎత్తుకుంట, మిగతా కిస్తీలన్నీ కడత."

ఖాలా నన్ను కిందినుంచి పైదాకా చూసి, గుమ్మానికి సర్కసు డేరా అంత పరదా కట్టించింది. వాళ్ళు అటు, నేను వరండాలో ఇటు. కొత్త కోడలిలా ముడుచుకుని కూర్చున్నాను.

నాకు తెలిసిన వేలం మా దఫ్తరుది. విరిగిన కుర్చీలు అమ్మేటప్పుడు ఎక్కువ పాడినవాడిదే సరుకు. చిట్టి పాటలోనూ ఎక్కువ పాడినవాళ్ళకే చిట్టి వస్తుంది. కాని ఆ పాడిన సొమ్ము వదులుకోవాలి. మాది వెయ్యి రూపాయల చిట్టి, వంద పాడితే చేతికొచ్చేది తొమ్మిది వందలే. ఆ వంద తక్కినవాళ్ళు పంచుకుంటారు. ఇది అడిగి తెలుసుకోవచ్చన్న ఆలోచన నా మగబుద్ధికి తట్టలేదు.

"పచాస్," అని యాభైతో మొదలుపెట్టింది లోపల్నుంచి మా గల్లీ గాజుల దుకాణం ఆమె.

"వంద!" అన్నాను.

"దేడ్ సౌ," అని నూటయాభైకి పెంచింది.

"రెండు వందలు!"

"ఢాయీ సౌ." రెండు వందల యాభై అంటుంటే ఆమె గొంతులో ఏదో వణికింది. భయపడిందనుకున్నాను.

"నాలుగు వందలు!" నా గర్జనకు మూసీ అవతల పావురాలు లేచాయి.

లోపల్నుంచి పరదా ఊగిపోయేంత నవ్వు.

"హాయ్ అల్లా! గీ భాయ్ తన జేబు తానే కత్తిరించుకున్నడు!"

ఖాలా విషయం వివరించింది. నా చెవుల మీద రొట్టెలు కాల్చుకోవచ్చు.

"తెల్వక పాడిండు, బిచారా," అంది ఖాలా. "పెండ్లాం పోయిన మనిషి. ఈ పాట లెక్కల వద్దు."

"హౌ, హౌ, వద్దు," అన్నారందరూ.

ఆమె పోయిన దగ్గర్నుంచి దఫ్తరులో, మంగలి దగ్గర, బస్సులో ఎక్కడ చూసినా ఆ బిచారా, అయ్యో పాపం అనే మాటే. ఆ మాటతో నాకు స్నానం చేయించి పౌడరు కూడా రాశారు. ఇక చాలనిపించింది.

"ఖాలా, మీల ఎవరన్న తప్పు పాడితే వాపసు తీస్కుంటరా?"

"తీస్కోం."

"మరి నాకెందుకు? నాలుగు వందలు పంచుకోండ్రి. వచ్చే నెల కిస్తీ చెప్పిన తారీఖుకు తెస్త."

కాసేపటికి పరదా కిందినుంచి గాజుల చెయ్యి ఒకటి చాయ్ కప్పు జరిపింది. అంతదాకా నాకు మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు.

"ఇంకో చిట్టిల నాతోని పోటీకి రాకు అన్నా, ఇల్లు అమ్ముకుంటవ్."

"కిరాయిల్లమ్మా. అమ్మితే ఓనరు తంతడు."

ఆరు వందలు చేతికొచ్చాయి. ఫీజులు కట్టాను. మిగిలింది కిరాణా బాకీకి పోయింది. కూరగాయలకు ఏమీ మిగల్లేదు. చారు మాత్రం ధారాళంగా కాచుకున్నాం.

ఒకటో తారీఖున అన్న వచ్చాడు, పిల్లల బట్టలు సర్దడానికి ఖాళీ ట్రంకుతో సహా.

"ఫీజు కట్టినవు సరే, నాలుగు వందలు పారబోసినవటగా! ఇంక బుద్ధి రాలే? తే, జీతం."

నేను గడపెక్కి ఉపన్యాసమిచ్చాను. "అన్నా! పారబోస్తే నా జీతమే పారబోస్కుంట. తప్పు జేస్తే నేనే కట్టుకుంట. నా పిల్లలు నా ఇంట్లనే ఉంటరు, గదే బడికి పోతరు!" గల్లీ చప్పట్లు కొట్టింది. రిక్షాలు ఆగిపోయాయి. ఖాలా పరదా లాగి మరీ చూసింది.

ఈ ఉపన్యాసం నేను కల్పించిందే. పాట నిజం, పోయిన నాలుగు వందలు మరీ నిజం. కాని ఆ రోజు అన్న చెయ్యి చాపి నిలబడితే నా చెయ్యి దానంతటదే జీతం కవరు బయటికి తీసింది. చిన్నప్పటి నుంచి ఆయన చెయ్యి చాపితే ఇవ్వడమే అలవాటు. కవరు తిరిగి చొక్కా జేబులో పెట్టుకుని, గుండీ పెట్టుకుని, ఒక్క మాటన్నాను.

"ఇయ్యను."

చప్పట్లు ఎవరూ కొట్టలేదు. అన్న ట్రంకు భుజానికెత్తుకుని బస్టాపు వైపు నడిచాడు. అది ఖాళీగానే పోయింది.