నాకంటే చిన్నవాడైన తాత

ఆ రోజుల్లో అని మొదలుపెట్టేంత వయసు నాకింకా రాలేదు గానీ, పీజీ చదివేటప్పుడు నాకున్నంత గొప్ప ఆ తర్వాత మళ్లీ ఎప్పుడూ లేదు. కారణం, మా యూనివర్సిటీలో నన్ను పీర్ ట్యూటర్‌ని చేశారు. అంటే సబ్జెక్టు తప్పిన జూనియర్లను సాయంత్రంపూట కూర్చోబెట్టి చెప్పే సీనియర్ అన్నమాట. (జీతం లేదు, మెడలో వేసుకునే కార్డు మాత్రం ఇచ్చారు. దాన్ని మెస్‌కు కూడా వేసుకుని పోయేదాన్ని.) స్టాటిస్టిక్స్ తప్పిన ముగ్గురిని నాకు అప్పగించారు. జనగామ అమ్మాయి, మహబూబాబాద్ అబ్బాయి బుద్ధిగా కూర్చున్నారు. మూడోవాడిది మొగుళ్లపల్లి. మాది ఆ పక్కనే రేగొండ కాబట్టి నోరు ఊరుకోక, "ఎవరింటోళ్లు?" అని అడిగాను. అదే నేను చేసిన పొరపాటు.

ఇంటిపేరు, మేనత్త ఊరు, ఎవరి పెళ్లిలో ఎవరు అలిగారు, అన్నీ తిరగేస్తే అతను మా అమ్మకు వరసకు చిన్నాయన అని తేలింది. అంటే మీసాలు కూడా సరిగ్గా రాని ఈ పిల్లవాడు నాకు తాత. నమ్మలేక అమ్మకు ఫోన్ చేశాను. "అవును బిడ్డా, చిన్నాయినే. జర మర్యాదగ మాట్లాడు, పేరు వెట్టి పిల్వకు" అంది.

ఇక ఆ మర్నాటి నుంచి నా కార్డుకు విలువ లేకుండా పోయింది. లెక్కలు చేసుకురాలేదేమని అడిగితే, "మనుమరాలా, పెద్దోళ్లను గట్ల నిలదీస్తరా?" అనేవాడు. స్టాండర్డ్ డీవియేషన్ చెబుతుంటే కళ్లు మూసుకుని, "నువ్వు చెప్పు బిడ్డా, నేను ఇంటున్న" అనేవాడు. (కాసేపటికి గురక వినిపించేది.) మిగతా ఇద్దరూ కూడా తాతా అని పిలవడం మొదలుపెట్టారు. జనగామ అమ్మాయి అయితే ఆయన వస్తుంటే లేచి కుర్చీ వేసేది.

పైకి ఎంత నవ్వులాటగా ఉన్నా నాకు లోపల భయంగానే ఉండేది. ఆ పేపరు ఈసారి కూడా తప్పితే చదువు మాన్పించి ట్రాక్టరు ఎక్కిస్తానని వాళ్ల నాయన చెప్పేశాడట. ఆ సంగతి చెప్పినప్పుడు మాత్రం తాత పెద్దరికం పక్కనపెట్టి గోళ్లు కొరుక్కున్నాడు. నాకు జాలేసింది. బతిమాలాను, కోప్పడ్డాను. వరసలో చిన్నదాన్ని, నా కోపాన్ని ఎవరు లెక్కచేస్తారు?

పరీక్ష దగ్గరపడ్డాక ఒక సాయంత్రం నాకు తిక్క రేగింది. కార్డు తీసి బ్యాగులో పెట్టి, లైబ్రరీ వరండాలో అందరూ చూస్తుండగా నేల మీద చతికిలబడి, కాళ్లు తపతపా కొట్టుకుంటూ, "తాతా, నాకు లెక్కలు కావాలె. చేసియ్యకపోతే అన్నం తినను" అని రాగం తీశాను. (అప్పటికి నాకు ఓటు హక్కు వచ్చి చాలా కాలమైంది.) పోయేవాళ్లు ఆగి చూస్తున్నారు. తాత ముఖం కందిపోయింది.

"లే బిడ్డా, ఇజ్జత్ పోతది" అన్నాడు.

"చేసిస్తవా, లేదా?"

"చేస్త, చేస్త. ముందుగాల లే. ఏం లెక్కలు గావాలె?"

"మొత్తం చాప్టర్" అన్నాను ముక్కు ఎగబీలుస్తూ.

మనవరాలు మారాం చేస్తే కాదనే తాత మా వైపు ఇంకా పుట్టలేదు. అప్పుడు పట్టిన పెన్ను పరీక్ష దాకా దించలేదు. దించబోయినప్పుడల్లా నేను నేల వైపు చూసేదాన్ని.

తాత పాసయ్యాడు. సంతోషం పట్టలేక అమ్మకు ఫోన్ చేస్తే, అమ్మకు ముందే తెలుసు. "చిన్నాయిన ఫోన్ చేసిండు. నీకు పాఠం చెప్పుడు ఆయనే నేర్పిండట గదా" అంది. ఒళ్లు మండిపోయింది. వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు.

ఇప్పుడు కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. వెనక బెంచీలో ఎవరైనా మొండికేస్తే, తిట్టే ముందు వీళ్లు దేనికి కరుగుతారా అని ఆలోచిస్తాను. అప్పుడు ఆ వరండాలో కాళ్లు కొట్టుకున్న పిల్ల గుర్తొచ్చి సిగ్గేస్తుంది, దాని మీద ముద్దూ వస్తుంది. నిజమే, నాకు ఆయనే నేర్పాడు. ఆ మాట మాత్రం ఆయనకు ఇంతవరకూ చెప్పలేదు. చెబితే ఆశీర్వదించడానికి చెయ్యెత్తుతాడు.